పెనుకొండ ప్రాంత హోటళ్లలో సంస్థాగత మార్పు నిర్వహణ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
2017 తరువాత పెనుకొండ పరిసరాల్లో కార్ల కర్మాగారం రావడంతో అక్కడి భోజన, వసతి వ్యాపారాలు ఎదుర్కొన్న మార్పును ఈ వ్యాసం సంస్థాగత మార్పు సిద్ధాంతాల వెలుగులో వివరిస్తుంది. కుటుంబం నడిపే చిన్న హోటలు పెద్దదయ్యేటప్పుడు మొదట మారేది గోడలు, బల్లలు కావు. ఒకరి మాట మరొకరికి చేరే దారి. ఆ దారిపై నిలబడి పనిచేసేవారిని సంప్రదించకుండా తెచ్చిన మార్పు నిలవదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. కర్ట్ లెవిన్, కోచ్–ఫ్రెంచ్, విలియం ఫుట్ వైట్‌ల పరిశోధనలను, పుట్టపర్తి, బెంగళూరుల అనుభవాలను ఇందుకు ఆధారంగా తీసుకోవడం జరిగింది.

కీలక పదాలు: పెనుకొండ, హోటలు వ్యాపారం, సంస్థాగత మార్పు, పనివారి భాగస్వామ్యం, పూటకూళ్ళ ఇల్లు, కియా కర్మాగారం.

1. ఉపోద్ఘాతం:
సంస్థాగత మార్పు గురించి మన విశ్వవిద్యాలయాల్లో బోధించే పాఠాలు ఎక్కువగా పెద్ద పరిశ్రమలను, బ్యాంకులను, సాఫ్ట్‌వేర్ కంపెనీలను ఉదాహరణలుగా తీసుకుంటాయి. హోటలు ప్రస్తావన వచ్చినా నక్షత్రాల హోటలే కనిపిస్తుంది. ఐదారుగురు పనిచేసే టిఫిన్ హోటలు, పది గదుల లాడ్జి కూడా సంస్థలేనన్న విషయం మరుగున పడుతుంది. అక్కడ కూడా పని విభజన ఉంది, హోదా ఉంది, అలిఖిత నియమాలు ఉన్నాయి. మార్పు వచ్చినప్పుడు భయమూ ప్రతిఘటనా ఉన్నాయి. లేనిదల్లా మార్పును చూసుకోవడానికి ప్రత్యేకమైన విభాగం. ఆ పని యజమాని ఒక్కడే, గల్లా పెట్టె దగ్గర కూర్చొని, వచ్చేపోయేవారికి చిల్లర ఇస్తూనే చేయాలి.

ఈ దృష్టితో చూస్తే పెనుకొండ పరిశోధకులకు చక్కని క్షేత్రం. ఒక చిన్న పట్టణం చుట్టూ కొద్ది సంవత్సరాలలోనే కొత్త అతిథులు, కొత్త వేళలు, కొత్త చట్టపరమైన బాధ్యతలు, కొత్త చెల్లింపు పద్ధతులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఈ వ్యాసం గణాంక సర్వే కాదు. బహిరంగంగా తెలిసిన విషయాలను, ప్రామాణిక సిద్ధాంతాలను కలిపి చేసిన వివరణాత్మక పరిశీలన.

2. పూటకూళ్ళ ఇంటి నుండి హోటలు వరకు:
తెలుగువారి వాడుకలో ‘హోటలు’ అంటే ప్రధానంగా తినే చోటు. పడుకునే చోటును ‘లాడ్జి’ అంటాం. నిర్వహణశాస్త్ర గ్రంథాల్లో మాత్రం హోటలు అంటే వసతి. ఈ తేడా కేవలం పదానికి సంబంధించినది కాదు. మన దగ్గర ఈ వ్యాపారం అన్నం పెట్టడం నుండి పెరిగింది. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటి ఇంటి వర్ణన ఉంది. కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మ ఆ వృత్తికి ఆధునిక సాహిత్యంలో నిలిచిపోయిన ప్రతినిధి. పూటకూళ్ళ ఇంట్లో వండేది, వడ్డించేది, డబ్బు తీసుకునేది సాధారణంగా ఒకే మనిషి లేదా ఒకే కుటుంబం. తినేవాడి ఆకలి, అలవాటు, అప్పు అన్నీ ఆ ఇంటికి తెలుసు.

నేటికీ రాయలసీమ పట్టణాల్లోని అనేక హోటళ్ల అంతర్నిర్మాణం దీనికి దగ్గరగానే ఉంటుంది. ఉదయం ఇడ్లీ, దోసె, ఉగ్గాణి. మధ్యాహ్నం భోజనం లేదా సంగటి. సాయంత్రం బజ్జీలు, టీ. యజమాని గల్లా దగ్గర, దోసె మాస్టరు పెనం దగ్గర, సర్వర్లు బల్లల దగ్గర, క్లీనరు వెనుక. ఆర్డరు రాసే కాగితం ఉండదు. సర్వరు వంటగది గుమ్మం దగ్గర నిలబడి ‘మాస్టర్, రెండు ప్లెయిన్, ఒక మసాలా’ అని కేకేస్తాడు. తిన్నవాడు లేచేటప్పుడు ‘ఇరవై, నలభై’ అని గల్లాకు వినిపించేలా మొత్తం చెబుతాడు. ఆ కేకే ఆర్డరు పుస్తకం, అదే బిల్లు. ఈ పద్ధతిని వెనుకబాటుతనంగా కొట్టిపారేయడం సరికాదు. పది బల్లల హోటలుకు అంతకంటే వేగమైన, ఖర్చు లేని సమాచార వ్యవస్థ లేదు. బల్లలు ముప్పై అయినప్పుడు మాత్రమే అది చిక్కుపడుతుంది.

3. మార్పును తెచ్చిన శక్తులు:
1565 తరువాత విజయనగర రాజ్యానికి రాజధాని అయిన పెనుకొండ, ఆ వైభవం పోయాక చాలాకాలం కోటకు, దర్గాకు, జైన దేవాలయానికి వచ్చే యాత్రికుల ఊరుగా మిగిలింది. పొరుగున హిందూపురం సంతకు, వ్యాపారానికి పేరు పొందింది. ధర్మవరం పట్టుచీరలకు, రైల్వే జంక్షనుకు పేరు పొందింది. అందుకే ఆ రెండు చోట్లా హోటళ్లకు వ్యాపారస్థులు, ప్రయాణికులు నిత్య అతిథులు. పెనుకొండకు అటువంటి స్థిరమైన ఆధారం తక్కువ.

2017 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో అవగాహన ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద, 44వ జాతీయ రహదారి పక్కన, 536 ఎకరాలలో సంవత్సరానికి 3 లక్షల వాహనాల సామర్థ్యంతో కర్మాగారం నిర్మాణమైంది. 2019 జనవరిలో ప్రయోగాత్మక ఉత్పత్తి, అదే ఏడాది ఆగస్టులో సెల్టోస్ వాహనం ఉత్పత్తి మొదలయ్యాయి. డిసెంబరులో కర్మాగారానికి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. విడిభాగాల సంస్థలు కూడా వెంట వచ్చాయి. కొరియన్ ఇంజనీర్లు, నిర్మాణ కార్మికులు, ఇతర రాష్ట్రాల ఉద్యోగులు, లారీ డ్రైవర్లు ఈ ప్రాంతానికి చేరారు. కొరియన్ లిపిలో బోర్డులున్న భోజనశాలలు, అతిథిగృహాలు వెలిశాయి. 1998లో హ్యుందాయ్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టాక చెన్నై పరిసరాలు చూసిన పరిణామమే ఇక్కడ చిన్న స్థాయిలో పునరావృతమైంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడటంతో పరిపాలనాపరమైన రాకపోకల దిశ కూడా మారింది.

ఇదే కాలంలో దేశమంతటికీ వర్తించే మార్పులూ వచ్చాయి. 2017 జులై 1న వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చింది. ఆ నవంబరు 15 నుండి సాధారణ రెస్టారెంట్లకు 5 శాతం పన్ను, ముడిసరుకుపై కట్టిన పన్నును తగ్గించుకునే వీలు లేకుండా, స్థిరపడింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, అతిథులు కూర్చొని తినడానికి జూన్ 8 నుండి గాని అనుమతి రాలేదు. ఆ విరామం తరువాత క్యూఆర్ కోడ్ చెల్లింపు అలవాటు బలపడింది. లాడ్జి యజమానికి మరొక బాధ్యత ఉంది: విదేశీ అతిథి దిగిన 24 గంటల లోపల అధికారులకు వివరాలు తెలపాలి. గదుల తాళంచెవులు, ఒక పెద్ద రిజిస్టరు మాత్రమే చూసుకునే రాత్రి కాపలా మనిషి ఇప్పుడు పాస్‌పోర్టు, వీసా వివరాలను కంప్యూటరులో నమోదు చేయవలసి వచ్చింది.

ఈ శక్తులన్నీ బయటివే. హోటలు కోరుకున్నవి కావు. మార్పు నిర్వహణలో మొదటి చిక్కు ఇదే: తాను ఎంచుకోని మార్పును తనదిగా చేసుకోవడం ఎలా?

4. సిద్ధాంత నేపథ్యం:
కర్ట్ లెవిన్ 1947లో ప్రతిపాదించిన మూడు దశల నమూనా విద్యార్థులకు సుపరిచితం: గడ్డకట్టిన అలవాటును కరిగించడం, కదిలించడం, మళ్లీ గడ్డకట్టించడం. అంతగా ప్రచారం పొందని విషయం ఏమంటే, లెవిన్ ఆలోచనలకు బలమైన ఆధారాలలో ఒకటి వంటింటి నుండే వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మాంసం కొరత ఉన్నప్పుడు, అమెరికన్ గృహిణులు సాధారణంగా వండని కాలేయం, గుండె వంటి భాగాలను వండేలా చేయడమెలా అన్నది ప్రశ్న. కొందరికి ఉపన్యాసం ఇచ్చారు. మరికొందరిని చర్చించుకొని తామే నిర్ణయించుకోమన్నారు. ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం, చర్చించి నిర్ణయించుకున్నవారిలో 32 శాతం అంతకుముందు వండని పదార్థాన్ని వండారు. ఆహారం బల్లమీదికి చేరే దారిలో ప్రతి మలుపు దగ్గరా ఒక ‘ద్వారపాలకుడు’ ఉంటాడని, మార్పు అతని చేతిలో ఉంటుందని కూడా లెవిన్ గుర్తించాడు.

1948లో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ ప్రచురించిన అధ్యయనం దీన్ని కర్మాగారంలో పరీక్షించింది. అమెరికాలోని వర్జీనియాలో ఒక పైజమాల తయారీ సంస్థలో పని పద్ధతి మార్చవలసి వచ్చింది. ఒక బృందానికి మార్పును కేవలం ప్రకటించారు. మరొక బృందం తన ప్రతినిధుల ద్వారా పాల్గొంది. ఇంకొన్ని బృందాలలో అందరూ నేరుగా పాల్గొన్నారు. ప్రకటన మాత్రమే విన్న బృందంలో ఉత్పత్తి కోలుకోలేదు. మొదటి 40 రోజుల్లో 17 శాతం మంది పని మానేశారు. అందరూ పాల్గొన్న బృందాలు త్వరగా పాత స్థాయిని అందుకొని దానిని దాటాయి. కొంతకాలం తరువాత మొదటి బృందంలో మిగిలినవారినే భాగస్వాములను చేసి మరో పనికి మార్చినప్పుడు వారూ బాగా రాణించారు. అంటే లోపం మనుషుల స్వభావంలో లేదు. మార్పును వారి ముందుంచిన తీరులో ఉంది.

5. వంటగదికీ బల్లకీ మధ్య దారి:
భోజన వ్యాపారానికి నేరుగా సంబంధించిన అధ్యయనం విలియం ఫుట్ వైట్‌ది. 1940లలో చికాగో రెస్టారెంట్లను పరిశీలించి ఆయన 1948లో గ్రంథం ప్రకటించాడు. హోటలు పెరుగుదలలోని దశలను ఆయన వివరించిన తీరు మన అనుభవానికి దగ్గరగా ఉంటుంది. మొదటి దశలో యజమాని, ఒకరిద్దరు సహాయకులు అన్ని పనులూ చేస్తారు, అతిథులందరూ పరిచయస్థులే. ఇది మన పూటకూళ్ళ ఇల్లు. తరువాత వంట, వడ్డన, పాత్రల శుభ్రత విడిపోతాయి. ఆపైన పర్యవేక్షకులు వస్తారు. వంటగదికీ వడ్డనకూ నడుమ ఇంకొక అంచె, లెక్క చూసేవారు చేరతారు. ప్రతి దశలోనూ యజమానికీ అతిథికీ దూరం పెరుగుతుంది. ఆ దూరాన్ని పూరించడానికి సమాచారం ఎక్కువమంది చేతులు మారుతుంది.

వైట్ గుర్తించిన ముఖ్యమైన ఘర్షణ హోదాకు సంబంధించినది. పనిని ఆదేశించేది సాధారణంగా పై హోదా ఉన్నవారు. హోటల్లో మాత్రం తక్కువ హోదా ఉన్న వడ్డించేవారు, తమకంటే ఎక్కువ హోదా, జీతం ఉన్న వంటవారికి ‘ఇది కావాలి, త్వరగా కావాలి’ అని చెప్పవలసి వస్తుంది. రద్దీ వేళ అదే కోపానికి, కన్నీళ్లకు దారితీస్తుంది. కొన్ని రెస్టారెంట్లలో ఆర్డరు చీటీలను ఒక ఇనుప కడ్డీకి గుచ్చే ఏర్పాటు ఈ ఒత్తిడిని తగ్గించిందని ఆయన చూపాడు. ఇప్పుడు వంటవాడికి ఆదేశం మనిషి నుండి రావడం లేదు, చీటీ నుండి వస్తోంది. చీటీలను తన వీలునుబట్టి తీసుకుంటాడు. ఒకే రకం వంటకాలను కలిపి చేసుకుంటాడు. చిన్న సాధనం, పెద్ద మార్పు.

పెనుకొండ ప్రాంతపు హోటలుకు దీన్ని అన్వయిద్దాం. దోసె మాస్టరు ఆ హోటలు పేరును నిలబెట్టే మనిషి. సర్వరు చాలాసార్లు వయసులో చిన్నవాడు. ‘మాస్టర్’, ‘అన్నా’ అన్న సంబోధనలే ఆ ఆదేశాన్ని అభ్యర్థనగా మారుస్తాయి. కేక వేసే పద్ధతి తీసివేసి కంప్యూటరు బిల్లు, టోకెను పెట్టినప్పుడు యజమాని లెక్క తేలికవుతుంది. అయితే ఆ సంబోధనతో నడిచిన సర్దుబాటు కూడా పోతుంది. ‘అన్నా, మూడో బల్ల ఆయనకు బస్సు టైమైంది, ముందు ఇది వెయ్యి’ అన్న మాటకు టోకెనులో చోటు లేదు. కొత్త యంత్రాన్ని ‘మొండికేసి’ వాడడం లేదని యజమాని విసుక్కునే చోట, నిజానికి పనివాడు పోగొట్టుకుంటున్నది ఈ మాటకున్న విలువను. దీన్ని బద్ధకమనో, అజ్ఞానమనో పేర్కొనడం సమస్యను తప్పుగా గుర్తించడమే.

6. మార్పు క్రమం – ఒక ఊహా నమూనా:
పై సూత్రాలు ఆచరణలో ఎలా ఉంటాయో చూడటానికి ఒక హోటలును ఊహిద్దాం. రహదారి పక్కన పది బల్లల టిఫిన్ హోటలు. పైన ఎనిమిది గదులు. కర్మాగారం షిఫ్టులు ముగిసే వేళల్లో రద్దీ. గదుల్లో కొరియన్ అతిథులు. యజమాని బల్లలు పెంచి, గదులను ఆధునికం చేసి, కొరియన్ అతిథులకు తగిన భోజనం కూడా పెట్టాలనుకున్నాడు.

మొదటి దశలో చేయవలసింది కొత్త పద్ధతిని ప్రకటించడం కాదు, పాత పద్ధతి ఎక్కడ తడబడుతోందో పనివారి నోట వినడం. షిఫ్టు రద్దీలో ఎన్ని ఆర్డర్లు తారుమారవుతున్నాయి, ఏ బల్లకు ఆలస్యమవుతోంది, రాత్రి ఆలస్యంగా వచ్చిన అతిథికి గది ఎవరు చూపుతున్నారు అన్న విషయాలు సర్వరుకు, క్లీనరుకు తెలిసినంతగా యజమానికి తెలియవు. వారం రోజులు ఈ తడబాట్లను గల్లా దగ్గర ఒక నోటుపుస్తకంలో రాయించినా చాలు. మార్పు అవసరమన్న మాట అప్పుడు యజమాని నోటినుండి కాక పుస్తకం నుండి వస్తుంది. లెవిన్ చెప్పిన ‘కరిగించడం’ ఇదే.

రెండో దశలో ఒక్కొక్క మలుపును మార్చాలి. ముందు ఆర్డరు చీటీ. అది కుదిరాక బిల్లు యంత్రం. ఆపైన క్యూఆర్ చెల్లింపు. అన్నీ ఒకే రోజు పెడితే తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోలేం. చీటీలో వంటకాల పేర్లు ఏ వరుసలో ఉండాలో మాస్టరునే నిర్ణయించనివ్వడం చిన్న విషయంగా కనిపిస్తుంది. అయితే పెనంమీద ఏది ముందు, ఏది తరువాత అన్న జ్ఞానం అతనిదే. చదవడం రాని పనివాడుంటే పేర్లకు బదులు రంగు టోకెన్లు వాడవచ్చు. క్యూఆర్ చెల్లింపుతో సర్వరుకు చేతికందే చిల్లర తగ్గుతుంది. ఆ నష్టాన్ని ముందే లెక్కించి జీతంలో గాని, పంపకంలో గాని సర్దకపోతే ప్రతిఘటన న్యాయమైనదే అవుతుంది.

భోజనం విషయంలో మార్పు మరింత లోతైనది. తెలుగు భోజనంలో వడ్డనకు వరుస ఉంది: పప్పు, కూర, పులుసు, చివర పెరుగు. సర్వరు మళ్లీ మళ్లీ వచ్చి అడిగి వడ్డించడమే మర్యాద. కొరియన్ భోజనంలో అన్నం, సూప్, కిమ్చి వంటి పక్క వంటకాలు అన్నీ ఒకేసారి బల్లమీద ఉంటాయి. కొన్నింటిని బల్ల చుట్టూ ఉన్నవారు పంచుకుంటారు. మన సర్వరు అలవాటుగా పదేపదే దగ్గరకు వెళ్లి అడిగితే అది అతిథికి అడ్డు కావచ్చు. వెళ్లకుండా ఉంటే తాను నిర్లక్ష్యం చేస్తున్నానని సర్వరుకు అనిపిస్తుంది. మర్యాద అనే విలువ మారలేదు. దాని రూపం మారింది. ఈ భేదాన్ని వివరించకుండా ‘వాళ్లకు ఇలా పెట్టు’ అని ఆజ్ఞాపిస్తే పనివాడు యంత్రంలా పనిచేస్తాడు. వివరిస్తే ఆ మర్యాదను తన భాషలోకి తెచ్చుకుంటాడు.

మూడో దశ స్థిరీకరణ. జాన్ కోటర్ 1995లో మార్పు ప్రయత్నాలు విఫలమయ్యే కారణాలను చర్చిస్తూ, విజయాన్ని తొందరపడి ప్రకటించడాన్ని వాటిలో ఒకటిగా చెప్పాడు. చిన్న హోటల్లో ఇది తరచు జరుగుతుంది. కొత్త బోర్డు, కొత్త రంగు, ప్రారంభోత్సవం అయ్యాక పని పూర్తయిందనుకుంటారు. పండుగ రద్దీలో చీటీ పక్కకు పోయి మళ్లీ కేక మొదలవుతుంది. కొత్తగా చేరిన పనివాడికి కొత్త పద్ధతిని పాత పనివాడే నేర్పగలిగిన రోజున మాత్రమే మార్పు స్థిరపడినట్లు.

7. ఒకే ఆధారం మీద నిలబడటం – పుట్టపర్తి పాఠం:
పెనుకొండకు కొరియన్ అతిథులు కొత్త కావచ్చు గాని, ఇదే జిల్లాలో విదేశీ అతిథులకు దశాబ్దాలుగా అలవాటుపడిన ఊరు పుట్టపర్తి. అనేక దేశాల భక్తుల కోసం అక్కడి లాడ్జీలు, భోజనశాలలు తమ వంటను, భాషను, వేళలను మలచుకున్నాయి. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా నిర్యాణం తరువాత సందర్శకుల రాక తగ్గి, వారిపైనే ఆధారపడిన వ్యాపారాలు ఇబ్బందిపడ్డాయి. అతిథికి తగినట్లు మారగలగడంలో పుట్టపర్తి హోటళ్లు సమర్థమైనవే. వాటిని దెబ్బతీసింది అసమర్థత కాదు, ఆధారం ఒక్కటే కావడం.

పెనుకొండకు ఇది ముందస్తు హెచ్చరిక. కర్మాగారం నిర్మాణ దశలో వచ్చేవారు వేరు, ఉత్పత్తి దశలో ఉండేవారు వేరు. నిర్మాణం ముగిశాక నిపుణులలో కొందరు వెళ్లిపోతారు. స్థిరపడినవారు అద్దె ఇళ్లకు మారతారు. గదులన్నీ ఒకే రకం అతిథికి మలచిన లాడ్జి అప్పుడు ఖాళీగా ఉంటుంది. అందువల్ల ఉగ్గాణి, సంగటి పెట్టే పొయ్యిని ఆర్పకుండా కొత్త పొయ్యిని వెలిగించడమే వివేకం. పెనుకొండ కోట, సమీపంలోని లేపాక్షి చూడవచ్చే యాత్రికులు, రహదారి ప్రయాణికులు, స్థానికులు అన్న మూడు ఆధారాలను నిలుపుకున్న హోటలు కర్మాగారపు ఒడుదొడుకులను తట్టుకోగలదు.

8. భాగస్వామ్యం ఎంతవరకు?
పనివారి భాగస్వామ్యమంటే సలహా అడగడమేనా, ఫలితంలో వాటా కూడానా అన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి తీవ్రమైన సమాధానం పొరుగున బెంగళూరులో లభిస్తుంది. కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను 1950లలో మూసివేసినప్పుడు ఉద్యోగం కోల్పోయిన పనివారు, ఎ. కె. గోపాలన్ ప్రోత్సాహంతో, సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని తామే నడిపారు. మొదటి సంఘం 1957 ఆగస్టులో బెంగళూరులో ఏర్పడింది. వడ్డించే మనిషే యజమాని కావడంతో వైట్ చెప్పిన హోదా ఘర్షణ స్వరూపమే మారిపోయింది. అయితే ఆ సంస్థలు రుచిని, ధరను, వాతావరణాన్ని కాపాడుకున్నంతగా కొత్త పోటీకి తగిన వేగంతో మారలేకపోయాయన్న విమర్శ కూడా ఉంది. భాగస్వామ్యం మార్పుకు నమ్మకాన్ని ఇస్తుంది. పెట్టుబడిని, వేగాన్ని తానుగా ఇవ్వదు. కుటుంబ హోటలు సహకార సంఘం కానవసరం లేదు. లాభం పెరిగినప్పుడు పాత పనివారి జీతం, విశ్రాంతి, శిక్షణ కూడా పెరిగితే చాలు.

9. ముగింపు:
పై పరిశీలన నుండి మూడు అంశాలను నిర్ధారించవచ్చు. ఒకటి, హోటలు పెరుగుదల అంటే సమాచార మార్గం పొడవు పెరగడం. మార్పు నిర్వహణ ఆ మార్గంలోని మలుపుల నుండి మొదలుకావాలి. రెండు, ప్రతిఘటనను స్వభావదోషంగా కాక, ఏదో పోతోందన్న సమాచారంగా చదవాలి. మూడు, కొత్త అతిథికోసం మారడమెంత అవసరమో పాత అతిథిని నిలుపుకోవడం అంతే అవసరం.

ఈ ప్రాంతంలో పనివారి అనుభవాలను వారి మాటల్లోనే సేకరించే క్షేత్రపరిశోధన జరగవలసి ఉంది. హిందూపురం, ధర్మవరం, పుట్టపర్తి, పెనుకొండ హోటళ్లను తులనాత్మకంగా అధ్యయనం చేస్తే నిర్వహణశాస్త్రానికే కాక తెలుగు వృత్తిపదకోశానికీ విలువైన సామగ్రి లభిస్తుంది. కర్మాగారం పక్కన ఉన్నంత మాత్రాన ఊరివాళ్ల హోటలు ఎదగదు. పెద్ద పెట్టుబడితో వచ్చిన కొత్త భోజనశాల పక్కన పాత దోసె మాస్టరు ఉద్యోగం పోగొట్టుకున్నవాడిగా మిగులుతాడా, కొత్త వంటగదికి పెద్దగా నిలుస్తాడా అన్నది మార్పు రావడంపై కాదు, దాన్ని నడిపే తీరుపై ఆధారపడి ఉంటుంది.